ఎంతసేపు ఉంచావు

లెనిన్‌గ్రాద్‌లో ఫిబ్రవరి.
నెవా నది మీద జనం నడిచి అవతలి ఒడ్డుకు పోతున్నారు.
పరిశోధనశాల నేలమాళిగలో తైసియా అవ్దేయెవ్నా
కొలిమి తలుపు సందులోంచి చూస్తోంది,
పాలు పొంగకుండా కాపలా కాసే మనిషిలా.

లోపల ఆరు గాజుముక్కలు.
ఒకే మూసలో కరిగినవి. అదే ఇసుక, అదే సోడా,
చిటికెడు కాడ్మియం, గంధకం, సెలీనియం.
చల్లారినప్పుడు ఆరూ నీళ్లలా ఉన్నాయి.
మళ్లీ సెగ తగిలితేనే
లోపల గింజ పట్టేది.

మొదటిది అరగంటకు తీసింది: వట్టి నీరు.
రెండోది నిమ్మతొక్క.
తర్వాత పసుపు ముదిరింది, నారింజ అయింది.
మూడు రాత్రులు నిద్ర కాచి తీసిన చివరిది
దానిమ్మగింజ.

గోరింట పండినట్టు పండింది గాజు.
అదే ఆకు, అదే చెయ్యి,
ఓపిక కొద్దీ ఎరుపు.

"రంగెవరు కలిపారు?" అనడిగింది.
స్వెటర్ మోచేతులు చిరిగిన ఇన్నొకెంతీ
టీ మరక పడ్డ కాగితం మీద సున్నా చుట్టి
మధ్యలో చుక్క పెట్టాడు.
"ఎవరూ కలపలేదు. గింజ పెరిగింది, అంతే.
ఈ చుక్క ఎలక్ట్రాన్. సున్నా దాని ఇల్లు.
ముప్పై ఆంగ్‌స్ట్రామ్‌ల ఇరుకులో పెడితే కుదురుండదు,
దాన్ని లేపాలంటే పెద్ద దెబ్బే కావాలి.
ఊదాకు అటువైపు కాంతికి తప్ప లొంగదు.
ఇల్లు కాస్త పెద్దదైతే నీలానికి లేస్తుంది,
ఇంకా పెద్దదైతే ఆకుపచ్చకీ.
గాజు మింగగా మిగిలిందే మన కంటికి రంగు."

ఆమె పడీపడీ నవ్వింది.
"ఇరుకు సంగతి నువ్వు నాకు చెప్తావా, నాయనా!
ఏడు కుటుంబాలకు ఒక వంటిల్లు మాది.
అన్నకు పెళ్లయిన ఏడు
ఉన్న ఒక్క గదికీ ప్లైవుడ్ అడ్డం కొట్టాం.
ఆ నెలలోనే మా అమ్మ గొంతు సన్నబడింది.
ఉప్పందుకోమన్నా కీచుమనేది.
మంచం మీంచి లేస్తే మోకాలు గోడకి,
కూర్చుంటే వీపు బీరువాకి."

"తర్వాత?"

"తర్వాత పక్కగది ఫైనా యాకవ్లెవ్నా పోయింది.
ముసలామె, ఒంటరిది. పిల్లి ఉండేది.
ఆ గది మాకు రాశారు.
ప్లైవుడ్ ఊడదీసిన రాత్రి
అమ్మ చీకట్లో ఏదో కూనిరాగం తీసింది.
అంత మెల్లగా, అంత లోతుగా
ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు."

ఇన్నొకెంతీ పెన్సిల్ కొన కొరుక్కున్నాడు.
కొలిమి టిక్కుటిక్కుమంది.
"ఇంకో మాట చెప్పలేదు నీకు," అన్నాడు.
"ఆ ఎర్ర ముక్కలో గింజలు ఎట్లా పెద్దవయ్యాయనుకున్నావ్?
చిన్నవి కరిగిపోతేనే.
వాటి సరుకంతా మెల్లగా పెద్దవాటికి చేరింది."

ఆమె మాట్లాడలేదు.
పిల్లి ఏమయిందో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు.

పొద్దున స్పెక్ట్రోగ్రాఫ్ ఫిల్ము కడిగారు.
ఆరు చారలు. ఒక్కో చారలో నలుపు మొదలయ్యే చోటు
మెట్టు మెట్టుగా పక్కకు జరిగి ఉంది.
అన్నిటికన్నా దూరం జరిగింది మొదటిదే,
కంటికి ఏమీ లేనిది,
మనం చూడలేని చోట తన పని తాను చేసుకున్నది.

అయిదింటిని వెల్వెట్ పెట్టెలో పెట్టి మాస్కోకి పంపారు.
అధికారులకు రంగు కనబడాలి కదా.
మిగిలినదాన్ని ఆమె ఏప్రాన్ జేబులో వేసుకుంది.

జూన్‌లో ఆ ఊళ్లో రాత్రి కాదు.
పదకొండింటికి కూడా కిటికీ గట్టు మీద వెలుగు.
ఉప్పు డబ్బాకీ అగ్గిపెట్టెకీ మధ్య గాజుముక్క.
వంటింట్లో ఎవరో ఒకరు దాన్ని ఎత్తి చూసి,
"ఇదేంటి, ఉత్త గాజేగా?" అంటారు.

ఆమె కాదనదు.
గాజు ఎరిగిన పిల్ల ఎవరైనా,
ఎంతసేపు ఉంచావు అని అడిగితే మాత్రం
గరిటె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని,
అరగంట, అంటుంది.